ఆర్‌ఎక్స్-7 బలం ఎక్కడ తగ్గుతోంది?

మూడో తరం మజ్దా ఆర్‌ఎక్స్-7లో బలం తగ్గిందని ఎవరైనా చెప్పగానే నేను అడిగే మొదటి ప్రశ్న, అది ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర తగ్గుతోందని. చాలామంది టర్బో (ఎగ్జాస్టు వాయువుల ఊపుతో ఇంజనులోకి గాలిని నెట్టే పంపు) పోయిందని ముందే తేల్చేసుకుంటారు. పిస్టన్లకు బదులు రోటర్లు తిరిగే 1.3 లీటర్ల రోటరీ ఇంజనుకు రెండు టర్బోలను వంతులవారీగా జోడించిన ఈ కారులో, టర్బోల కంటే ముందు వాటిని నడిపించే రబ్బరు గొట్టాలను అనుమానించాలని నా అభిప్రాయం.

మామూలు స్థితిలో బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి పీడనం, మొదట 10 పీఎస్‌ఐ వరకు ఎక్కి, సుమారు 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బో కలిసేటప్పుడు 8కి దిగి, వెంటనే మళ్లీ 10కి చేరుకోవాలి. అందుచేత ఒక్క బోల్టు కూడా విప్పకముందే నమ్మకమైన బూస్ట్ గేజి బిగించి, ట్రాక్ మీద ఆ మూడు అంకెలను గమనించడం మంచిది.

మొదటి 10 సరిగా వచ్చి, 4,500 దాటగానే ముల్లు పడిపోయి మళ్లీ లేవకపోతే, రెండో టర్బో గాలి ఇంజనుకు అందడం లేదన్నమాట. ఎగ్జాస్టును దానివైపు మళ్లించే వాల్వు తెరుచుకోకపోయినా, దాని గాలిని లోపలికి పంపే వాల్వు మూసుకునే ఉన్నా, అంతవరకు ఆ గాలిని పక్కకు వదిలిన రిలీఫ్ వాల్వు మూసుకోకపోయినా ఫలితం దాదాపు ఒకటే. ఈ మూడింటినీ కదిలించేవి వాక్యూమ్, ప్రెషర్‌లే గనుక, వాటిని మోసే సన్నని గొట్టాలు, కరెంటుతో పనిచేసే వాల్వులైన సొలెనాయిడ్‌లు, చెక్ వాల్వులు గుంపుగా ఉన్న చోటికి, అంటే ఇంజనుకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందికి వెళ్లక తప్పదు. ఏళ్ల తరబడి టర్బోల వేడికి మగ్గిన గొట్టాన్ని వేళ్లతో నొక్కితే వంగడానికి బదులు ఎండిన చింతకాయ పెంకులా చిట్లిపోతుంది. పైకి బాగానే కనిపించే గొట్టం కూడా నిపిల్ మీద కూర్చునే అంచు దగ్గర సాగిపోయి గాలి వదులుతుంటుంది. చెక్ వాల్వును విప్పి నోటితో ఊదితే ఒకవైపు నుంచే గాలి పోవాలి; రెండు వైపులా పోతే అది పనికిరాదు. ఒక్క గొట్టమే మార్చి మానిఫోల్డ్ మళ్లీ బిగించేవారి ఓపికకు నేను దండం పెడతాను. అంత దూరం విప్పాక అన్నింటినీ సిలికాన్ గొట్టాలతో మార్చేయడమే తెలివైన పని.

మొదటి నుంచే బూస్ట్ తక్కువగా ఉంటే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్లలో లీకు వెతకాలి. గాలి లోపలికి వెళ్లే మూతిని మూసి, కంప్రెసర్‌తో కొద్దిపాటి పీడనం ఇచ్చి, జాయింట్లపై సబ్బునీళ్లు పోస్తే బుడగలే చోటు చూపిస్తాయి. పై ఆర్‌పీఎంలలో ఊపిరాడనట్టు ఉంటే, ఎగ్జాస్టు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి.

మూడు అంకెలూ సరిగ్గా ఉండి కూడా బలం లేకపోతే, స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిళ్లు చూసుకుని ఇంజను లోపల గాలి ఎంత పీడనానికి నొక్కుకుంటుందో చూసే కంప్రెషన్ పరీక్షకు వెళ్లాలి. ఒక్కో రోటరుకు మూడు ముఖాలుంటాయి గనుక మామూలు గేజి వాటిలో ఎక్కువైన అంకెనే పట్టి ఉంచుతుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టరే కావాలి. మూడింటిలో ఒకటి మాత్రమే బాగా తక్కువగా వస్తే రోటరు పక్క అంచున గాలి లీకవకుండా ఆపే సైడ్ సీల్‌ను, పక్కపక్కనున్న రెండు తక్కువగా వస్తే వాటి మధ్య రోటరు మూలన ఉండే అపెక్స్ సీల్‌ను అనుమానించాలి. రెంటిలో ఏదైనా ఇంజను విప్పాల్సిందే.