చచ్చినా తప్పని డ్యూటీ

కెనడాలో సెయింట్ థామస్ అనే చిన్న ఊరి దగ్గర ఒక వేర్‌హౌస్‌లో నాది నైట్ షిఫ్టు. ఊళ్ళో టాల్బట్ స్ట్రీట్ పడమటి చివర నిలువెత్తు ఏనుగు విగ్రహం ఉంటుంది. పేరు జంబో. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా నయాగరాకే పరుగు, దీని ముందు కారు ఆపినవాళ్ళు లేరు.

జంబో 1860 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికాలో పుట్టింది. గున్నగా ఉన్నప్పుడే పట్టి పారిస్‌కి తెచ్చారు, 1865లో లండన్ జూకి మార్చారు. అక్కడ దాని మావటి మాథ్యూ స్కాట్. పగలంతా పిల్లల్ని వీపు మీద మోసేది. రాత్రయితే కొట్టం గోడల్ని కుమ్మి దంతాలు విరగ్గొట్టుకునేది. ఆ సంగతి పిల్లలకేం తెలుసు? ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మకి కనిపించే నా ముఖం కూడా పగటి జంబోదే.

1882లో అమెరికా సర్కస్ యజమాని పి.టి. బార్నమ్ 2,000 పౌండ్లకు దాన్ని కొన్నాడు. పంపొద్దంటూ లక్ష మంది పిల్లలు విక్టోరియా రాణికి ఉత్తరాలు రాశారంటారు. జంబో కూడా పెట్టె ఎక్కనని రోడ్డు మీదే పడుకుంది. ఎవరు విన్నారు? స్కాట్ కూడా దాంతో పాటే ఓడెక్కాడు. 1884లో, కొత్తగా కట్టిన బ్రూక్లిన్ వంతెన ఎంత గట్టిదో చూపించడానికి 21 ఏనుగుల్ని దాని మీద నడిపించారు. అందులో జంబో ఒకటి. వంతెనకి పరీక్ష, బార్నమ్‌కి పబ్లిసిటీ.

1885 సెప్టెంబరు 15 రాత్రి ఇక్కడే, మా సెయింట్ థామస్‌లో షో అయిపోయింది. ఏనుగుల్ని పట్టాల వెంట నడిపిస్తూ సర్కస్ రైలెక్కిస్తున్నారు. చివరికి మిగిలినవి జంబో, టామ్ థంబ్ అనే చిన్న ఏనుగు. అంతలో గూడ్సు బండి వచ్చేసింది. చిన్నదానికి కాలు విరిగింది. జంబో స్కాట్ కళ్ళముందే ప్రాణం విడిచింది.

చిన్న ఏనుగుని కాపాడబోయి చచ్చిపోయిందని బార్నమ్ పేపర్లకు చెప్పుకున్నాడు. నేను నమ్మను. మా దగ్గర తెల్లవారుజామున, షిఫ్టు ఇంకో అరగంటలో దిగిపోతుందనగా, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి హారన్ కొట్టకుండానే మలుపు తిరుగుతుంది. పసుపు గీత దాటకూడదని తెలిసీ, ఇదొక్క ప్యాలెట్టేగా అని అడ్డం పడి వెళ్తాం. పని అయిపోవస్తోందన్న తొందరలోనే దెబ్బలు తగులుతాయి. అందులో త్యాగం ఏముంటుంది?

చనిపోయాక కూడా సెలవివ్వలేదు. చర్మంలో కూరి ఒక జంబో, ఎముకలు నిలబెట్టి ఇంకో జంబో, రెండూ సర్కస్‌తో ఊరూరా తిరిగాయి. పక్కన ఏడవడానికి లండన్ నుంచి ఆలిస్ అనే ఆడ ఏనుగుని తెప్పించి, ఇది జంబో భార్య అని బోర్డు పెట్టారు. తర్వాత అస్థిపంజరం న్యూయార్క్ మ్యూజియానికి, చర్మం మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీకి చేరాయి. అక్కడ 1975లో జరిగిన అగ్నిప్రమాదంలో చర్మం కాలిపోయింది. ఆ బూడిదలో కొంచెం పీనట్ బటర్ సీసాలోకి ఎత్తి దాచారు. అక్కడి ఆటగాళ్ళు మ్యాచ్ ముందు అదృష్టం కోసం ఆ సీసాని తడుముతారట.