దేవరకొండలో కట్టిన జంట దోనెల పడవ

దేవరకొండ ప్రాంతం వాళ్లకు నీళ్లంటే బోరు, బావి, కాలమైన ఏడు నిండే చెరువు. కృష్ణానది మన తాలూకా దక్షిణపు అంచునే పారుతున్నా, నాగార్జునసాగర్ వెనుక నీరు చందంపేట గుట్టల సందుల్లోకి వచ్చి నిలిచినా, మా తరగతిలో అప్పటికి పడవ ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అటువంటి బడిలో, 1990ల తొలినాళ్లలో, పిల్లలూ ఉపాధ్యాయులూ కలిసి రెండు దోనెలు తయారుచేసి, వాటిని దూలాలతో కలిపి, తెరచాప ఎత్తి సాగర్ నీటిలో నడిపిన సంగతి ఈ సంచికలో ఉండాలని సంపాదక వర్గంలోని మిత్రులు కోరారు. కాటమరాన్ అనే మాట మాకు ఆ తరువాత అలవాటైంది కానీ, బడిలో అందరూ దాన్ని జంట పడవ అనే పిలిచేవారు.

ఆలోచన మా భౌతికశాస్త్రం సారుది. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు ప్రతి ఏడూ అగ్నిపర్వతమో, గాలిమరో అట్టముక్కలతో చేసి తీసుకువెళ్లడం ఆయనకు ఎంతమాత్రం నచ్చేది కాదు. ఆర్కిమెడిస్ సూత్రాన్ని చెంబులో రాయి వేసి చూపించడం కంటే, లెక్క కట్టిన బరువును లెక్క కట్టిన లోతులో తేల్చి చూపిస్తే పిల్లలకు జన్మలో మరిచిపోలేనంతగా వంటబడుతుందని ఆయన వాదన. ఆయన దగ్గరున్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలో జేమ్స్ వారమ్ అనే బ్రిటిష్ పడవల రూపకర్త గురించి వ్యాసం ఉండేది. ఆయన ఇరవై నాలుగు అడుగులు కూడా లేని జంట పడవను స్వయంగా కట్టుకుని, 1955-56లో దానిలోనే అట్లాంటిక్ మహాసముద్రం దాటి ట్రినిడాడ్ చేరారు. పసిఫిక్ దీవుల వాళ్లు వందల ఏళ్లుగా కట్టుకుంటున్న పడవలే ఆయనకు ఆధారం. 1876లోనే అమెరికాలో హెరెషాఫ్ అనే ఆయన ఇటువంటి పడవతో పందెంలో అందరినీ దాటిపోతే, ఆ తరువాత దాన్ని పందాలకు రానివ్వలేదని కూడా సారు చెప్పి మమ్మల్ని ఊరించారు.

రెండు సన్నని దోనెలు ఎందుకు, ఒకే వెడల్పాటి పడవ ఎందుకు కాదు అన్న ప్రశ్నకు సారు నల్లబల్ల మీద ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు. పడవ వేగంగా పోతున్న కొద్దీ తన ముందు తానే అలను లేపుకుంటుంది, చివరికి ఆ అలను ఎక్కలేక ఆగిపోతుంది. దోనె వెడల్పు దాని పొడవులో పదో వంతుకు దగ్గరగా ఉంటే అల చిన్నదవుతుంది, ఆ అడ్డంకి చాలావరకు తొలగిపోతుంది. కానీ అంత సన్నని దోనె ఒంటరిగా నిలవదు, పక్కకు ఒరుగుతుంది. అటువంటివి రెండింటిని ఎడంగా ఉంచి కలిపితే ఒరగడానికి బరువు మొత్తం ఒక పక్క దోనె మీదికి మళ్లాలి, కాబట్టి అడుగున రాళ్లో ఇనుమో వేసే అవసరం లేకుండానే పడవ నిలకడగా ఉంటుంది.

సామాను హైదరాబాదు నుంచి వచ్చింది. నీటికి తట్టుకునే ఐ.ఎస్. 710 రకం ప్లైవుడ్ షీట్లు, ఆరు మిల్లీమీటర్ల మందంవి, బస్సు టాపు మీద లగేజీ టికెట్టుతో దిగాయి. అరాల్డైట్ జిగురు, ఫైబర్ గుడ్డ రాణిగంజ్‌లో దొరికాయి. షీటు పొడవు ఎనిమిది అడుగులే కనుక, రెండేసి ముక్కల అంచులను చిత్రికతో ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి రెండు అంగుళాలు ఎక్కేలా అంటించాము. అందువల్ల దోనె పొడవు 15 అడుగుల 10 అంగుళాలకు వచ్చింది. ఆ చెక్కడం మా వడ్రంగం సారు తప్ప వేరెవరి చేతా కాలేదు. ప్లైవుడ్ పొరల గీతలు అంచు మీద తిన్నగా, సమానమైన ఎడంతో కనిపిస్తేనే వాలు సరిగ్గా వచ్చినట్టని, గీత వంకర తిరిగిందంటే చిత్రిక అక్కడ ఎక్కువ తినేసినట్టని ఆయన వేలితో తడిమి చూపించేవారు.

పక్క చెక్కలను అడుగున కలపడానికి మేకులు కొట్టలేదు. అంచుల వెంట బెత్తెడు ఎడంతో రంధ్రాలు వేసి రాగి తీగతో కుట్టాము. ఆ తీగ ఎక్కడిదంటే, కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలోని పాత తీగ. మంటలో పైపూత కాల్చేసరికి ఆ రాగి మెత్తబడి, పటకారుతో మెలివేసినా తెగకుండా వంగేది. మా ప్రాంతంలో బోర్లు ఎండి మోటార్లు కాలని వేసవి లేదు గనుక, మాకు ఆ ఒక్క సరుకుకు ఎన్నడూ కొరత రాలేదు. కుట్టిన రెండు పలకలను పుస్తకం తెరిచిన రీతిలో విప్పి, మధ్యలో అడ్డు పలకలు దించగానే చదును చెక్కకు దోనె ఆకారం వచ్చింది. లోపలి మూలల్లో అరాల్డైట్‌లో జల్లెడ పట్టిన రంపపు పొట్టు కలిపిన ముద్దను బొటనవేలితో నింపి, అది గట్టిపడ్డాక తీగలు కత్తిరించి, బయట అడుగు అతుకు వెంట ఫైబర్ గుడ్డ పరిచాము.

ఏప్రిల్ ఎండలో ఆ జిగురు పని పెద్ద పరీక్ష. గట్టిపరిచే ద్రవం కలిపిన జిగురు తనంతట తానే వేడెక్కుతుంది, వాతావరణం పది డిగ్రీలు పెరిగితే అది పనికివచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. గ్లాసులో కలిపితే గ్లాసులోనే పొగలు కక్కి రాయి అవుతుంది. అందుకని వెడల్పాటి స్టీలు పళ్లేల్లో పలచగా పరిచి, తెల్లవారుజామున పని మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించేవాళ్లం. హాస్టలు పిల్లలు ఆ రోజుల్లో లేచినంత పెందలాడే పరీక్షలకు కూడా లేవలేదని మా వార్డెను గారు అనేవారు, అందులో అతిశయోక్తి లేదు.

తెరచాపను మిర్యాలగూడలో లారీ పరదాలు కుట్టే దర్జీ కుట్టారు. సారు గీసిన నక్షాలో గుడ్డ పట్టీల అంచులు తిన్నగా కాక కొద్దిగా వంపుగా ఉండటం చూసి, మేము వివరించబోయేలోపే ఆయన "జాకెట్టుకు డార్టు పెట్టినట్టే కదా సారూ, మధ్యల పొట్ట రావాలె, గంతే కద" అన్నారు. నిజానికి అంతే. చదునుగా కుట్టిన చాప గాలిని తట్టుకుంటుంది కానీ లాగదు. పట్టీలను వంపుగా కలిపితే వచ్చే ఆ కొద్ది పొట్టే పడవను గాలికి అడ్డంగా కూడా ముందుకు నడుపుతుంది. అంచుల వెంట ఆయన పరదాలకు కొట్టే, తాడు దూర్చే ఇత్తడి కళ్లే కొట్టి ఇచ్చారు.

దోనెలను దూలాలతో కలిపే దగ్గర మాత్రం బడిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. దూలాలు మూడు, టేకువి. వాటిని దోనెల మీద నట్టుబోల్టులతో బిగించాలని వడ్రంగం సారు, తాళ్లతో కట్టాలని భౌతికశాస్త్రం సారు. మంచి టేకు దూలాన్ని తాటితో కట్టడం ఆయన వృత్తికే చిన్నతనమని వడ్రంగం సారు అనుకున్నారు, అందులో తప్పు లేదు. పత్రికలో వారమ్ తన పడవలకు తాళ్ల కట్లే వాడారని చదివి వినిపించినా ఆయన మెత్తబడలేదు. చివరికి నీట దింపబోయే స్థలం చూడటానికి మేమంతా వైజాగ్ కాలనీకి వెళ్లినప్పుడు ఆ తగవు తీరింది. సాగర్ కట్టిన తరువాత విశాఖ వైపు నుంచి చేపల వేట కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊరు అది. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నక్షాను అటూ ఇటూ తిప్పి చూసి, "నట్టులెట్టి బిగిస్తే కన్నం కాడే ఇరిగిపోద్ది బాబూ. కెరటం ఒక దాన్ని ఎత్తుద్ది, రెండోదాన్ని దించుద్ది. తాడైతే కాసింత సాగుద్ది, మళ్లీ దాని చోటుకి అదొచ్చేస్తది" అన్నారు. వడ్రంగం సారు కాసేపు మాట్లాడలేదు. తరువాత తానే, దూలం కదిలినప్పుడు తాడు కోసుకుపోకుండా అంచులు గుండ్రంగా చెక్కుతానని అన్నారు.

ఆ కట్టు వేసే తీరును పెద్దాయనే నేర్పారు. దూలం మీదుగా, దోనె లోపలి కొయ్య కిందుగా తాటిని చుట్ల మీద చుట్లు పక్కపక్కనే పడేలా తిప్పాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ప్రతి చుట్టునూ కాలు తన్ని పెట్టి లాగాలి. ఆ తరువాత అదే తాటి కొసను ఆ చుట్లకు అడ్డంగా, దూలానికీ దోనెకూ నడుమ, నడుం కట్టుగా బిగించాలి. అసలు బిగువంతా ఆ అడ్డు చుట్లతోనే వస్తుంది. మేము కొన్న తెల్లని నైలాన్ తాటిని ఆయన పక్కన పడేశారు. నైలాన్ తడిస్తే సాగుతుంది, పొద్దున బిగించిన కట్టు మధ్యాహ్నానికి వదులవుతుంది. తడిసినా సాగని పాలిస్టర్ తాడు తెచ్చుకోమన్నారు, తెచ్చుకున్నాం.

నీట దింపడానికి ముందు బడి మైదానంలో ఒకసారి మొత్తం కూర్చి చూశాము. రెండు దోనెలూ సమాంతరంగా లేకపోతే ఒక్కొక్కటి ఒక్కో దారి పడుతుంది, నడుమ నీరు ఇరుకున పడి పడవను వెనక్కు పట్టుకుంటుంది. ముందు కొసల మధ్య ఆరున్నర అడుగులు, వెనుక కొసల మధ్యా ఆరున్నర అడుగులు ఉంటే చాలదని లెక్కల సారు ముందే హెచ్చరించారు, ఎందుకంటే ఒక దోనె ముందుకు జరిగి ఉన్నా ఆ రెండు కొలతలూ సరిగానే వస్తాయి. ఎడమ దోనె ముందు కొస నుంచి కుడి దోనె వెనుక కొసకు, మళ్లీ కుడి నుంచి ఎడమకు, రెండు కర్ణాలూ సమానం కావాలి. పైథాగరస్ ప్రకారం అవి 17 అడుగుల ఒక అంగుళానికి కొంచెం పైన రావాలి. కొలత టేపు గాలికి ఊగుతుంటే నూలు దారం లాగి పట్టి దానికి ముడివేసి కొలిచాము. ఇక దోనెల ఎత్తు సమంగా ఉందో లేదో చూడటానికి రసమట్టం పొట్టిదైపోయింది. మేస్త్రీలు గోడలకు వాడే నీళ్ల పైపు తెచ్చి, అందులో గాలి బుడగలు పోయేదాకా తట్టి, రెండు కొసలనూ రెండు దోనెల పక్కన పెట్టారు. ఆ పైపు పట్టుకున్న మా సహాధ్యాయిని కుడి దోనె వెనుక భాగం వేలెడు కిందికి ఉందని కనిపెట్టింది. ఇప్పుడు ఆమె నీటిపారుదల శాఖలో ఇంజినీరు. నీటి మట్టాలతో ఆమెకు అప్పుడే ముడిపడిందని మేము ఆటపట్టిస్తుంటాము.

సాగర్ నిండు మట్టం 590 అడుగులు. వేసవి ముదిరేసరికి నీరు ఎన్నో అడుగులు దిగిపోయి, ఒడ్డున బురద, రాళ్లు, ఎప్పుడో మునిగిన చెట్ల మోళ్లు బయటపడతాయి. ట్రాక్టరు నీటి అంచుదాకా వెళ్లాలంటే జలాశయం నిండుగా ఉండాలి, అందుకని పడవ సిద్ధమైనా వానాకాలం దాటేదాకా ఆగాము. ఎగువన శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త, పత్రికలో రోజూ పడే సాగర్ నీటిమట్టం మా హాస్టలు గోడ మీద సుద్దతో రాసి ఉండేవి. మా తండ్రుల తరం పొలాల కోసం ఆ అంకె చూసేది, మేము పడవ కోసం చూశాము.

అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు అన్నీ అయ్యాక దోనెలను విడివిడిగా వరిగడ్డి పరిచిన ట్రాలీలో వేసుకుని వెళ్లాము. జంట పడవలో ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే, ఒక్కో దోనెను నలుగురు పిల్లలు భుజాల మీద మోయగలరు. ఒడ్డునే కట్లు వేసి, కర్ణాలు మళ్లీ కొలిచాము. కాలనీ ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టారు. అందరి ఒంటికీ గాలి నింపిన ట్యూబులు కట్టారు. ఇప్పుడైతే లైఫ్ జాకెట్లు లేకుండా ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోకూడదు.

అసలు పరీక్ష సారు దోనెల మీద గీసిన ఎర్ర గీత. ఒక్కో దోనె ఆ గీతదాకా మునిగితే 125 లీటర్ల నీటిని తొలగిస్తుంది, అంటే రెండూ కలిసి 250 కిలోలు మోస్తాయి. పడవ బరువు 110 కిలోలు, మిగిలింది ముగ్గురు పిల్లల బరువు. ఖాళీ పడవ నీట దిగగానే గీత చాలా పైన కనిపించింది. ఒకరు ఎక్కారు, గీత దగ్గరైంది. రెండోవారు ఎక్కారు. మూడోవారు ఎక్కి నడుమ కూర్చోగానే నీరు గీతను తాకి నిలిచింది. మోకాలి లోతు నీటిలో పంచె ఎగగట్టి నిలబడ్డ సారు వంగి రెండు పక్కలా చూసి, ఏమీ అనకుండా కళ్లజోడు తుడుచుకున్నారు. ఇదే పడవ సముద్రంలో అయితే ఇంకొంచెం పైకి తేలుతుందని పెద్దాయన అన్నప్పుడు మాత్రం ఆయనకు ఉత్సాహం వచ్చి, సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువని అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టారు.

చాప ఎత్తాక పడవ ఒరగకుండానే కదిలింది. అందులోనే ప్రమాదం ఉందని పెద్దాయన ముందే చెప్పారు. మామూలు పడవ ఒరిగి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు, బోర్లాపడితే తిరిగి లేవదు. కనుక చాప తాటిని ఎక్కడా ముడివేయకుండా చేతిలోనే పట్టుకున్నాము, గాలి విసురు రాగానే వదిలేశాము. గాలికి ఎదురు మలుపు తిప్పడం మాత్రం కష్టమైంది. ఈ రకం పడవలు తేలిక గనుక మలుపు నడుమ ఊపు పోయి నిలిచిపోతాయి. అప్పుడు చాపను చేత్తో అవతలి పక్కకు నెట్టి పట్టుకుని, పడవ వెనక్కు జరుగుతుండగా చుక్కానిని తిరగవేస్తే ముక్కు అవతలికి తిరిగేది. అలల మీద ఒక దోనె లేస్తూ ఇంకొకటి దిగుతూ ఉంటే కట్లు కిర్రుమనేవి. ఒడ్డుకు వచ్చాక వడ్రంగం సారు ఒక్కొక్క కట్టునూ వేలితో నొక్కి చూసి, దూలాల్లో ఎక్కడా చీలిక లేదని తేల్చారు.

ఆ పడవను మా తరువాతి తరగతుల వాళ్లు కూడా నడిపారు. చుక్కానిని పెద్దది చేశారని, ప్లైవుడ్ అంచులు ఉబ్బాక దోనెలను తీసివేసి టేకు దూలాలను కాలనీ వాళ్లకు ఇచ్చేశారని విన్నాను. సారు గీసిన నక్షాల నకలు నా దగ్గర ఉంది, దాని ప్రతి ఒకటి బడి గ్రంథాలయానికి ఇచ్చాను. మళ్లీ ఎవరైనా కట్టదలిస్తే జిగురు పని జనవరిలోనే పెట్టుకోవాలి, చుక్కానిని మొదటే కొంచెం పెద్దదిగా చేసుకోవాలి, తాడు కొనేముందు ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బరువు వేలాడదీసి చూసుకోవాలి.