మహేంద్రగిరి ఎక్కే ముందు బూట్లు దులుపుకోవాలి

పర్లాకిమిడిలో తరాలుగా ఉంటున్న మా వంటి తెలుగు కుటుంబాలకు మహేంద్రగిరి కొత్త చోటు కాదు. శివరాత్రికి కుంతి గుడి, భీముని గుడి, ధర్మరాజు గుడి చూసి రావడం మా పెద్దల నాటి నుంచీ ఉన్నదే. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఈ కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. పక్షుల కోసం నేను చాలాసార్లు ఎక్కాను. అయితే ఈ జనవరి చివరి వారంలో చేసిన యాత్రకు మాత్రం, ముందురోజు రాత్రి రెండు గంటలపాటు పెరట్లో పాత పళ్ల బ్రష్షుతో బూట్లు తోముకుంటూ సిద్ధమయ్యాను.

దానికి కారణం నిరుటి కార్తికంలో నేను చేసిన పొరపాటు. వంశధార ఒడ్డున పక్షులను చూసి వచ్చిన బూట్లతోనే, వాటిని కడగకుండా, వారం తిరగక ముందే మహేంద్రగిరి ఎక్కాను. ఇంటికి వచ్చాక అడుగు గాడుల్లో గట్టిపడిన మట్టిని పుల్లతో గీకి, మేజోళ్ల నుంచి ఏరిన గింజలతో కలిపి, ఏం మొలుస్తుందో చూద్దామని మేడ మీద ఒక కుండీలో వేసి తడిపాను. మూడు వారాల్లో పదకొండు మొలకలు వచ్చాయి. ఆకులు విచ్చుకున్నాక వాటిలో నాలుగు వయ్యారిభామ అని గుర్తుపట్టి, పూతకు రాకముందే పీకి కాల్చేశాను. కుండీలోకి వచ్చినవి నాలుగైతే, ఆ రోజు ఎక్కిన దారి పొడవునా రాలినవి ఎన్నో లెక్కకు అందవు. నేను ఇష్టపడి వెళ్లే కొండకు ఆ కలుపును నా కాళ్లతోనే మోసి ఉంటానన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

మన దేశంలో 1950ల మధ్యలో పూణే పరిసరాల్లో మొదట గమనించిన వయ్యారిభామ, ఈనాడు రోడ్డు పక్క, రైలు కట్ట, బంజరు నేల అన్న తేడా లేకుండా కనిపిస్తుంది. ఒక్క మొక్క పది వేలకు పైగా గింజలు రాల్చగలదు. అవి ఎంత సన్ననివంటే, బూటు అడుగున ఉన్న ఒక చిటికెడు బురదలో ఎన్ని ఉన్నాయో కంటికి తెలియదు.

మేము ఐదుగురం బయలుదేరాము. జీపు చక్రాలను, మడ్‌గార్డుల లోపలి భాగాన్ని నీళ్లతో కడిగించి, కాళ్ల కింది పట్టాలను దులిపించాను. గుడారపు మేకులు, కెమెరా స్టాండు కాళ్లు, సంచి అడుగు, వెల్క్రో పట్టీలు చూడమని అందరికీ చెప్పాను. ముఖ్యంగా వెల్క్రోలో ఇరుక్కున్న గింజ ఏ చేతి దులుపుకూ రాదు, సూదితో తీయవలసిందే. ఉన్ని మేజోళ్లు, నూగు బట్టల బదులు నున్నని నేత ప్యాంట్లు వేసుకున్నాము.

కొయిన్‌పూర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎండిన క్రోమొలేనా అనే కలుపు పొదలు, తెల్లని నూగుతో విత్తనాలు విడవడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి మధ్య లాంటానా పూస్తూ ఉంది. తెలుగువారు పులికంప అని, తలంబ్రాల చెట్టు అని పిలిచేది అదే. వాహనాలు మలుపు తిరిగే చోట, వంటలు చేసుకున్న రాళ్ల పొయ్యిల చుట్టూ వయ్యారిభామ గుంపులుగా ఉంది. కాలిబాట మీద రెండు వందల అడుగులు లోపలికి నడిచేసరికి ఒక్కటీ కనబడలేదు. మనుషులు, చక్రాలు ఎక్కడ ఆగుతాయో ఆ మొక్కే చూపిస్తోంది. ఆ హద్దు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

మాకు దారి చూపిన సవర పెద్దాయన, "ఈ రొడ్డ మా చిన్నప్పుడు ఇంత లేదు బాబూ, పశువు మూతి కూడా పెట్టదు" అన్నాడు. మా బావమరిది మాత్రం, "గాలికి ఎగిరే గింజను మన బూట్లు తోమితే ఆపగలమా బావా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గాలి ఆ గింజల్లో ఎక్కువ వాటిని తల్లి పొదకు దగ్గరలోనే దింపుతుంది. లాంటానా పండ్లను పక్షులు తిని ఇంకొంత దూరం వేస్తాయి. కానీ నది ఒడ్డు గింజను ఒక్క పూటలో కొండ మీదకు ఎక్కించేది మన జీపు, మన బూటు. పైగా ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లా పొలాల్లోకి దిగుతుంది కనుక, ఇక్కడ రాలినది అక్కడి రైతుకు చేరడానికి ఒక వాన చాలు. పక్షిని, వానను ఆపలేము. బూటు మనది.

పెద్దాయన దారిలో పూసిన వయ్యారిభామ ఒకటి పీకి అవతల పడేయబోతే, వద్దని ఆపాను. పూత దశలో పీకి విసిరితే విసిరిన చోట గింజ రాలుతుంది. దాని పుప్పొడి ఒంటికి పడక దద్దుర్లు, ఆయాసం వచ్చేవారూ ఉన్నారు. పీకితే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. మికానియా వంటి అల్లుకునే కలుపు తీగలు మరీ కష్టం. కణుపు ఉన్న ముక్క తడి నేలను తాకితే వేరు పట్టగలదు, కనుక కట్టెల మోపు కట్టడానికైనా వాటిని కోయకూడదు.

పైన గుడుల దగ్గర ఒక బండ మీద తెల్లని తువ్వాలు పరచి, ఒకరి బట్టల మీది గింజలు ఒకరం ఏరుకున్నాము. మా బావమరిది ప్యాంటు మీదే అరవై మూడు దొరికాయి. పెద్దాయన పంచెకు అంటినవి ఎక్కువగా ఉత్తరేణి గింజలు; అవి వినాయక చవితి పత్రిలో మనం వాడుకునే మొక్కవే, ఈ నేలవే. అయినా ఏరేటప్పుడు మంచిదీ చెడ్డదీ విడదీయలేదు. అన్నీ కవరులో వేసి మూతి కట్టాము.

న్యూజిలాండ్‌లో కౌరీ చెట్ల తెగులు వ్యాపించకుండా, అడవి దారి మొదట్లోనే బూట్లు రుద్ది మందునీళ్లతో తడిపే ఏర్పాట్లు ఉన్నాయి. మనకు అంత అక్కరలేదు. కొండ దిగువన ఒక కొబ్బరిపీచు పట్టా, గట్టి చీపురు, ఒక బకెట్టు నీళ్లు ఉంటే చాలును. క్రోమొలేనా గింజ ఎగిరే రోజుల్లోనే శివరాత్రి వస్తుంది, కొండకు జనమూ అప్పుడే వస్తారు. కనుక ఏడాదిలో ఆ ఒక్క వారం పెట్టినా ఫలితం ఉంటుందని నా నమ్మకం.

దిగివచ్చి జీపు ఎక్కే ముందు మళ్లీ బూట్లు దులుపుకున్నాము. పెద్దాయన కూడా తన చెప్పులు విప్పి, కవరు మూతి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టి, మట్టి అందులో పడేలా చూశాడు. ఆ కవరును ఇంటికి తెచ్చి కాల్చాను. బూట్ల గాడుల్లో మిగిలిన కొద్ది మట్టిని మాత్రం ఈసారి కూడా కుండీలో వేసి తడిపాను. ఇరవై రోజుల్లో రెండు మొలకలు వచ్చాయి. ఏవో ఇంకా తెలియదు, ఆకులు విచ్చుకోవాలి.