స్పాక్ వాళ్లమ్మ వైపు నుంచి

టీవీ సీరియల్ పాత్రలతో రాసిన నవలలంటే పుస్తకాల పురుగులకు కాస్త చిన్నచూపు. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ నవలల విషయంలో ఆ చిన్నచూపు సగం న్యాయమే. వందల కొద్దీ వచ్చాయి, గడువు తరుముకొస్తుంటే రాసి పడేసినట్టుండేవి వాటిలో బోలెడు. మిగతా సగం మాత్రం, అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న నాకు ఏ పేరెంటింగ్ పుస్తకం కన్నా ఎక్కువ పనికొచ్చాయి. నవ్వితే నవ్వండి.

అసలు సీరియల్ 1966లో మొదలై 1969లో ఆగిపోయింది. నటులతో తీసిన తర్వాతి సీరియల్ 1987 దాకా రాలేదు. మధ్యలో ఒక కార్టూన్ సీరియల్, కొన్ని సినిమాలు, అంతే. నవలలకు మంచిరోజులు ఆ ఖాళీలోనే వచ్చాయి. భావాలు బయటపెట్టకుండా తర్కాన్నే నమ్మే వల్కన్ల గ్రహంలో ఇళ్లెలా ఉంటాయి, యుద్ధవీరుల జాతి క్లింగాన్ల పిల్లలు ఏం ఆడుకుంటారు అన్నది టీవీలో పెద్దగా చెప్పలేదు కాబట్టి రచయితలు తోచినట్టు అల్లుకున్నారు. ఆ రచయితల్లో ఆడవాళ్లు ఎక్కువమందే. అంతరిక్ష ఓడ నడిపే సులూకి హికారు అన్న పేరు పెట్టింది కూడా వొండా మెకింటైర్ 1981లో రాసిన నవలే. సినిమాలో ఆ పేరు వినిపించడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్మేస్తున్నప్పుడు ఒక అట్టపెట్టె నిండా ఇవి దొరికాయి. వెన్ను మీద నంబర్లుంటాయి. మా పెద్దవాడు వాటిని వరసగా పేర్చి, వరసలోనే చదవాలని పట్టుబట్టాడు. నిజానికి ఏ కథకా కథే, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా నష్టం లేదు.

రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లల మాట వస్తే అందరూ ఎంటర్‌ప్రైజ్ అనే ఆ ఓడలో అధికారి అయిన స్పాక్ పేరే ఎత్తుతారు. తండ్రి సారెక్ వల్కన్, తల్లి అమాండా భూలోకపు మనిషి, పిల్లాడు అటూ కాదు, ఇటూ కాదు. నిజమే. కానీ నా కళ్లు ఎప్పుడూ అమాండా మీదే. పుట్టిన చోటు వదిలి, వేరే గ్రహానికి కాపురానికి వెళ్లి, అక్కడి మర్యాదల మధ్య కొడుకుని పెంచింది ఆవిడ. అసలు వలస వెళ్లిన మనిషి ఆవిడే. అసలు సీరియల్లో ఆవిడ కనిపించేది 1967లో వచ్చిన ఒకే ఒక్క ఎపిసోడ్‌లో. అప్పటికి తండ్రీకొడుకులు సరిగ్గా మాట్లాడుకుని 18 ఏళ్లు. కారణం, తండ్రి కోరుకున్న వల్కన్ సైన్స్ అకాడమీని కాదని కొడుకు అంతరిక్ష నౌకాదళం స్టార్‌ఫ్లీట్‌లో చేరడం. ఐఐటీ సీటు వదిలేసి నేవీలో చేరినట్టు అనుకోండి, మన ఇళ్లలో దీనికి ఇంకో వివరణ అక్కర్లేదు. తండ్రికి రక్తం అవసరమై ప్రాణం మీదికొచ్చినా రక్తమివ్వాల్సిన స్పాక్, గాయపడ్డ కెప్టెన్ బదులు కూర్చున్న కుర్చీ వదలనంటాడు. అమాండా చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఆ ఎపిసోడ్ చూసి మావాడు స్పాక్ పక్షం తీసుకున్నాడు, డ్యూటీ డ్యూటీయేనట.

అమాండా మనసులో ఏముందో చెప్పే తీరిక టీవీకి లేదు, నవలలకు ఉంది. ఏ.సి. క్రిస్పిన్ 1994లో 'సారెక్' అనే నవల రాశారు. అందులో అమాండా చావుబతుకుల్లో ఉంటే, రాయబార బాధ్యత మీద సారెక్ ఆవిణ్ణి వదిలి వెళ్లాల్సొస్తుంది. పక్కన స్పాక్ ఉంటాడు. ఆవిడ పోయేసరికి భర్త అందుబాటులో లేడు, కొడుకు తండ్రిని క్షమించలేడు. మధ్యమధ్యలో అమాండా డైరీ పేజీలు వస్తుంటాయి. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తే గుండె జారిపోయే మనలాంటి వాళ్లు ఆ పుస్తకం ఒక్క బిగిన చదవలేరు. సారెక్ చేసింది ఘోరం అన్నాడు మావాడు, మొన్న డ్యూటీయే గొప్పదన్నవాడు! నేను సారెక్‌ని వెనకేసుకొచ్చేసరికి వాడు నోరెళ్లబెట్టాడు. సెలవు దొరక్క, టికెట్ దొరక్క ఆగిపోయిన వాళ్లు మా చుట్టూ ఎంతమంది ఉన్నారో వాడికింకా తెలీదు. తాతగారి విషయంలో ఏం జరిగిందో అప్పుడే మొదటిసారి వాడికి పూర్తిగా చెప్పాను.

అదే రచయిత్రి 1983లో రాసిన 'యెస్టర్‌డేస్ సన్' మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా తగిలింది మావారికి, ఆయన చదవకుండానే. ఎప్పుడో నాశనమైపోయిన గ్రహం తాలూకు గుహ చిత్రాల్లో కోసు చెవుల ముఖం ఒకటి స్పాక్ కంటపడుతుంది. మునుపోసారి ఆ గ్రహం గతంలోకి వెళ్లి చిక్కుకుపోయినప్పుడు తనకొక కొడుకు పుట్టాడని అర్థమవుతుంది. కాలంలో వెనక్కి వెళ్తే దొరికేది పసివాడు కాదు, ఎదిగిన మనిషి. పేరు జార్. తల్లి పోయాక మంచులో ఒంటరిగా బతుకుతున్నాడు, తండ్రంటే కొండంత ఆశ పెట్టుకున్నాడు. స్పాక్ వాణ్ణి ఓడకి తీసుకొచ్చి ఏం చేస్తాడు? పాఠాలు చెప్తాడు. ప్రేమగా ఒక్క మాట రాదు. తండ్రి చల్లదనం ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించినవాడు, తనవంతు వచ్చేసరికి అచ్చం సారెక్ అయి కూర్చుంటాడు. మావాడు చదవడం అవగానే 'అమ్మా, స్పాక్ సేమ్ నాన్నలా ఉన్నాడు' అన్నాడు. మావారు పక్క గదిలోంచి విన్నారు. ఆ సాయంత్రం లెక్కల క్లాసు జరగలేదు.

డయాన్ డువేన్ 'స్పాక్స్ వరల్డ్' కూడా మంచిదే కానీ పిల్లలకు బరువు. మనుషులతో పొత్తు మనకెందుకు, గ్రహాల కూటమి ఫెడరేషన్ నుంచి బయటికొచ్చేద్దామా అని వల్కన్ గ్రహం చర్చ పెడుతుంది. మనిషిని పెళ్లాడిన సారెక్ చేతే బయటికి రావాలన్న వైపు మాట్లాడిస్తారు. ఇక్కడివాళ్లతో తిరిగితే మన పిల్లలు చెడిపోతారు అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారుగా, ఆయనకి కానుకగా ఇవ్వాలనిపిస్తుంది.

నవలలన్నిటికీ ఒక శాపముంది. టీవీలో, సినిమాల్లో చెప్పిందే కానన్, అంటే అధికారిక కథ, నవలలో ఏం రాసినా అది లెక్కలోకి రాదు. 2001 ప్రాంతం నుంచి రచయితలు పుస్తకానికి పుస్తకాన్ని ముడివేస్తూ పెద్ద కథే నడిపారు. 2020లో కొత్త సీరియల్ వచ్చి వేరే దారి పట్టింది. దాంతో 2021లో ఆ రచయితలే 'కోడా' అని మూడు పుస్తకాలు రాసి తమ కథకు తామే ముగింపు పలికారు. మావాడికి ఒళ్లు మండిపోయింది. ఉత్తుత్తిదైతే మనమెందుకు చదివినట్టు అన్నాడు. శశిరేఖ సంగతి చెప్పాను. వ్యాసుడి భారతంలో ఆ పిల్ల లేదు. అయినా బలరాముడి కూతురెవరంటే తడుముకునే తెలుగువాడు లేడు. 'మరి ఏది రైట్?' అన్నాడు. 'రెండూ ఉంచుకో నాన్నా, ఎవరూ లాక్కోరు' అన్నాను. వాడికది నచ్చలేదు, నంబర్ల మనిషి కదా.

క్లింగాన్ల వల్ల మాకు అనుకోని మేలు ఒకటి జరిగింది. భాషావేత్త మార్క్ ఒక్రాండ్ ఆ భాషని 1984 నాటి సినిమా కోసం తయారుచేసి, 1985లో నిఘంటువు కూడా వేశారు. అందులో మన 'డ' ఉంది, నాలుక మడిచి పలికే అసలు సిసలు డ. ఇక్కడ పుట్టిన పిల్లలకు డ, ద రెండూ కలిసి మధ్యలో ఎక్కడో ఇంగ్లీషు శబ్దం దగ్గర ఆగిపోతాయి. మావాడికి నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను. క్లింగాన్ కోసమైతే అద్దం ముందు నిలబడి మరీ సాధన చేశాడు. ఒక ఆదివారం ఫోన్లో అమ్మమ్మతో 'గోడ గడియారం' అని స్పష్టంగా అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. ఎవరి పుణ్యమో నేను నోరు విప్పలేదు.

చిన్నదానికి ఈ గొడవలేవీ పట్టవు. దానికి నచ్చింది ఒక్కటే, జాన్ ఎం. ఫోర్డ్ 1987లో రాసిన 'హౌ మచ్ ఫర్ జస్ట్ ద ప్లానెట్?'. ఖనిజం కోసం ఎంటర్‌ప్రైజ్ వాళ్లూ క్లింగాన్లూ ఒకే గ్రహానికి చేరతారు. అక్కడి జనం ఉన్నట్టుండి పాటలందుకుంటారు, వీళ్లందరూ అందులో ఇరుక్కుంటారు. ఇది స్టార్ ట్రెక్కే కాదంటాడు పెద్దవాడు. 'అమ్మ చూసే సినిమాల్లో పాడరా ఏంటి?' అని చిన్నది. నా ఓటు దానికే. ఫోర్డ్ రాసినవి ఇంకా కావాలంటోంది కానీ, స్టార్ ట్రెక్‌లో ఆయన రాసిన నవలలు రెండే. రెండోది 'ద ఫైనల్ రిఫ్లెక్షన్', ఒక అనాథ క్లింగాన్ పిల్లాడి కథ. ఈ వరసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం అదే. చావులూ కుట్రలూ ఉన్నాయి, ఇంకొంచెం పెద్దయ్యాక చదువుదువుగాని అన్నాను. వాళ్లన్నయ్య కథంతా ముందే చెప్పేశాడట.