వేలి కొస నుంచి మొదటి గీత దాకా

నల్లగొండల దేవరకొండ రోడ్డు మీద మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉన్నది. తెల్లారకముందే లేస్తే గిన్నెలు, పిండి, ఉల్లిగడ్డలు, సబ్బు నీళ్లు. మధ్యాహ్నం దాకా నా చేతులు తడి ఆరవు. చిన్నప్పుడు మోచేతి మడతలల్ల, మోకాళ్ల వెనక ఉన్న ఎగ్జిమా అనే దురద పెట్టే తోలు జబ్బు పెద్దయినంక చేతుల మీదికి వచ్చింది. ముందుగాల వేళ్ల సందులల్ల సన్నటి నీటి పొక్కులు, తర్వాత పొట్టు లేచుడు, ఆఖరికి పగుళ్లు. పచ్చిమిర్చి కోస్తే మంట నెత్తికెక్కేది. నా చెయ్యి చూసి గిరాకులు ప్లేటు అందుకోను వెనకాడితే మనసు చివుక్కుమనేది. ఇది అంటుకునే జబ్బు కాదని ఎంతమందికి చెప్త?

మెడికల్ షాపుల దురద అంటే చాలు, స్టెరాయిడు, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతుల పెడ్తరు. రాసినన్ని రోజులు తగ్గుతది, ఆపంగనే మళ్ల లేస్తది. ఇంకో దిక్కు చుట్టుపక్కలోళ్లు "స్టెరాయిడు రాస్తే తోలు పలచబడ్తది" అని భయపెడ్తరు. ఆ మాటల నిజం ఉన్నది. ఘాటు మందు అడ్డగోలుగ, నెలల తరబడి రాస్తే పలచబడ్తది. కానీ ఎంత రాయాలె, ఎన్నాళ్లు రాయాలె అన్నది ఎవ్వరూ చెప్పకపోతే మనిషి భయపడక ఏంజేస్తడు? మందు మధ్యల ఆపేటోళ్లను బద్ధకస్తులంటే నాకు కోపమొస్తది.

నాకు దొరికిన డాక్టరమ్మ చీటీ రాసి ఊకోలే. స్టెరాయిడు ట్యూబు మూత తీసి నా చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా మందు పిండింది. "ఇది అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకు సరిపోతది. అంటే ఒక చేతికి ముందూ వెనకా కలిపి ఇంత. రెండు చేతులకు రోజుకు ఒక గ్రాము, అమ్మా. పదిహేను గ్రాముల ట్యూబు పదిహేను రోజులల్ల అయిపోవాలె. నెల అయినా మిగిలిందంటే నువ్వు సరిగ రాస్తలేనట్టే." ఆ లెక్కతోని సగం భయం పోయింది.

తర్వాత నా పని గురించి అడిగింది. పొద్దుగాల జిడ్డు చేతులతోని పిండి ముట్టలేనని చెప్పిన. అయితే మందు రాత్రి పండుకునే ముందు, దాని మీద నూలు గ్లౌజులు. పగలు చేతులు కడిగినప్పుడల్లా తడి పూర్తిగ ఆరకముందే వాసన లేని పెట్రోలియం జెల్లీ. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి. ఖరీదు లోషన్లు రాయలే. అది మంచిగైంది, పైసలు పెట్టి కొన్నది మనం పొదుపుగనే రాస్తం, జెల్లీ అయితే నిండుగ పూస్తం.

మళ్ల నెలకు కాదు, వారానికే రమ్మన్నది. నన్ను నిలబెట్టింది ఇదే అనుకుంట. చూపించుకునే తారీకు దగ్గర్ల ఉంటే ఎవ్వరమైనా మంచిగ రాసుకుంటం, దూరమైతే చెయ్యి సడలుతది.

కంటి రెప్పల మీద దురదకు టాక్రోలిమస్ అనే పూత మందు ఇచ్చింది. అది స్టెరాయిడు కాదు. మొదట్ల కొన్ని రోజులు మంట పుడ్తది, తర్వాత తగ్గుతదని ముందే చెప్పింది. చెప్పకపోతే మొదటి రాత్రే పడేస్తుంటి, అంత మండింది.

చేతులు నున్నగైనంక కూడా వారానికి రెండు రాత్రులు పాత చోట్లల్లనే ఆ స్టెరాయిడు రాయమన్నది. పైకి తగ్గినట్టు కనపడ్డా తోలు లోపల వాపు ఉంటదట. బుధవారం, ఆదివారం అని మా బిడ్డ క్యాలెండర్ల గీతలు గీసింది. ఆ రాత్రులు అదే యాది చేస్తది, "అమ్మా, రాసుకున్నవా?" అని.

ఇది మొత్తానికి పోయే జబ్బు కాదని నాకు తెలుసు. ఈ చలికాలం, పెండ్లిండ్ల ఆర్డర్లు ఎక్కువైనప్పుడు, రెండు వేళ్ల సందుల మళ్ల లేచింది. ఆ రాత్రి నుంచే రోజూ రాసుడు మొదలువెట్టిన. పగుళ్ల దాకా పోలే. ఇప్పుడు మళ్ల బుధవారం, ఆదివారాలకు వచ్చిన. మిర్చి నేనే కోస్తున్న.