ముందు రోజు భోజనం కాదు

నాకు నీళ్ల విరేచనాలు మొదలైనప్పుడు ఇంట్లో అందరి అనుమానమూ ముందు రోజు రాత్రి బయట తిన్న భోజనం మీదికే పోయింది. వైద్యురాలు మాత్రం ఆ భోజనం గురించి ఒకటి రెండు ప్రశ్నలతో సరిపెట్టి, గడిచిన రెండు వారాల్లో నేను పచ్చిగా తిన్నవన్నీ గుర్తు చేసుకుని రాసి తెమ్మన్నారు. తిన్న క్షణానికీ జబ్బు బయటపడే క్షణానికీ మధ్య గడిచే సమయాన్ని పొదిగే కాలం అంటారనీ, అది ఒక్కో క్రిమికి ఒక్కో విధంగా ఉంటుందనీ ఆమె ఎంతో ఓపికగా వివరించారు.

స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఆహారంలోనే ముందుగా విషాన్ని తయారుచేసి ఉంచుతుంది కాబట్టి, అరగంట నుంచి 8 గంటల లోపే, ముఖ్యంగా వాంతులతో, జబ్బు బయటపడుతుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరో బ్యాక్టీరియా పేగుల్లోకి చేరిన తర్వాత విషాన్ని విడుదల చేస్తుంది గనుక 6 నుంచి 24 గంటలు పడుతుంది, చాలామందిలో ఒక రోజులోపే తగ్గిపోతుంది. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు. సైక్లోస్పోరా అనే పరాన్నజీవి అయితే చిన్నపేగు లోపలి కణాల్లోకి చొచ్చుకుపోయి అక్కడ వృద్ధి చెందాలి. అందుకే సుమారు వారం, ఒక్కోసారి రెండు వారాలు దాటిన తర్వాత కూడా లక్షణాలు కనిపించవచ్చు.

నా జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేది. ఆకలి పూర్తిగా చచ్చిపోయింది, బరువు తగ్గాను, మంచం దిగాలంటేనే నిస్సత్తువగా ఉండేది. మామూలు మల పరీక్షలో ఏమీ తేలలేదు. ఈ తీరు చూసే ఆమె సైక్లోస్పోరా కోసం ప్రత్యేకంగా పరీక్ష రాశారు. విడిగా అడిగితే తప్ప దానికోసం సాధారణంగా వెతకరట. అందులో అది బయటపడింది. సల్ఫా మందులు పడవేమోనని ముందుగా అడిగి, ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ కలిసిన మాత్రలు ఇచ్చారు. ఓఆర్ఎస్ ఆపవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే విరేచనాలు అవుతున్నా గ్లూకోజ్ తోడుంటే పేగు ఉప్పునూ, దాని వెంట నీటినీ పీల్చుకోగలుగుతుంది.

ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందేమోనన్న భయమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించింది. మలంతో బయటికి వచ్చిన సైక్లోస్పోరా వెంటనే జబ్బు కలిగించలేదనీ, అందుకు తగినట్టు మారడానికి బయటి వాతావరణంలో కనీసం ఒకటి రెండు వారాలు పడుతుందనీ తెలిశాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

మాత్రలతో విరేచనాలు ముందుగా ఆగాయి, ఆకలి మెల్లగా వచ్చింది, సత్తువ మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా చేరింది. నేను రాసిచ్చిన జాబితాలో పచ్చి ఆకుకూరలు ఒకటికి మించి ఉండటంతో, వాటిలో ఏది కారణమో ఆమె కూడా తేల్చి చెప్పలేదు.