కానుగ పుల్ల మీద గాటు

మా పికప్ 2004 మోడల్. నాన్న నిమ్మకాయల బేరం చేసిన రోజుల్లో పొదలకూరు, గూడూరు మార్కెట్ల మధ్య తిరిగి తిరిగి అరిగిపోయిన బండి. ఇప్పుడు ఇంట్లో ఎవరికీ దాంతో పెద్దగా పనిలేదు, అయినా అమ్మబుద్ధి కాదు. పోయిన కార్తీకంలో భైరవకోన గుహాలయాల దగ్గర అన్నదానానికి బియ్యం బస్తాలు, గుండిగలు చేరవేయాలంటే "మన బండి ఉంది కదా" అన్నాను. అమ్మ నవ్వింది. అప్పటికి రెండు నెలలుగా అది ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది మరి.

ఒక వారం ఏమీ ఉండదు. ఇంకో వారం రోజుకు రెండుసార్లు ఆగుతుంది. నెల్లూరులో ఒక షెడ్డులో డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంకో షెడ్డులో టాంకు నుంచి డీజిల్ పీల్చే ఫీడ్ పంప్ మార్చారు. మూడో ఆయన బానెట్ ఎత్తి, అర నిమిషం చూసి, "మెయిన్ పంప్ పోయింది, దించాలి" అన్నాడు. ఇంజన్‌లోకి డీజిల్‌ను ఒత్తిడితో కొట్టే పంప్ అది. ఆయన చెప్పిన రేటుకు బండి ఖరీదులో సగం వస్తుంది. ట్రయల్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

మా మామ ముప్ఫై ఏళ్లు లారీ తోలి మానేసిన మనిషి. విషయం విని, "పంపు జోలికి పోబాక. నేను వస్తాలే, దార్లో చూద్దాం" అన్నాడు. పౌర్ణమి రోజు తెల్లవారుజామున ఐదింటికి ఒక గోనెసంచితో వచ్చాడు. అందులో స్పానర్లు, కాపర్ వాషర్లు, రెండు మూరల పారదర్శక ప్లాస్టిక్ పైపు, ఐదు లీటర్ల డీజిల్ క్యాను. చేతిలో ఒక కానుగ పుల్ల. మా బండి డీజిల్ గేజు ఎప్పుడో చచ్చిపోయింది. మూత తీస్తే టాంకు అడుగు నేరుగా కనిపించే రకం కాబట్టి పుల్ల ముంచి చూసుకోవడమే. మామ ముంచి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, "సగం పైనే ఉండాది, పా" అన్నాడు.

సెల్ఫ్ కొట్టగానే తెల్లపొగ వచ్చింది, నిమిషంలో పోయింది. చలికి, చల్లటి ఇంజన్‌కు అది మామూలేనట. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే డీజిల్ చిమ్మే నాజిల్ సరిగ్గా కొట్టకపోవడమో, హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు లోపలికి వస్తుండడమో అయ్యుండాలి. నల్లపొగయితే గాలి చాలక డీజిల్ ఎక్కువైనట్టు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది, అది డబ్బు ఖర్చయ్యే జబ్బు. బుచ్చిరెడ్డిపాళెం చేరేలోపు మామ ఇదంతా చెప్పాడు. నేను వింటూ అద్దంలో వెనక పొగ చూస్తూనే ఉన్నాను. ఏ రంగూ లేదు.

సంగం దగ్గర టీకి ఆగాం. నేను గ్లాసు పట్టుకుని పెన్న నీళ్లు చూస్తుంటే మామ బండి కింద దూరాడు. ఫిల్టర్ అడుగున ఉండే చిన్న ట్యాప్ వదులు చేసి, ఖాళీ నీళ్ల సీసాలో కొంచెం డీజిల్ పట్టి, టీ బల్ల మీద పెట్టాడు. రెండు నిమిషాలు ఎవరం ముట్టుకోలేదు. సీసాలో పైన లేత పసుపు, అడుగున రెండు వేళ్ల మందాన తేటగా ఇంకోటి. గీత గీసినట్టు విడిపోయాయి. డీజిల్ తేలిక, నీళ్లు బరువు. నీళ్ల అడుగున చిటికెడు ఎర్రటి మడ్డి కూడా ఉంది. టాంకు మూత తీసి చూస్తే లోపలి రబ్బరు వాషరు ముక్కలై ఊడొస్తోంది. నెల్లూరులో కార్తీకమంటే తుఫాన్ల కాలం, బండి ఉండేదేమో చెట్టు కింద. జబ్బు దొరికిందని నేను ఎగిరి గంతేశాను. మామ మాత్రం సీసాను ఎండకెత్తి ఆ ఎర్రటి మడ్డినే చూస్తూ, "ఇదొకటి. ఇంకోటి ఉండాదేమో" అన్నాడు.

ఉంది. ఆత్మకూరు దాటి ఉదయగిరి దారిలో ఒక మిట్ట ఎక్కుతుంటే బండి ఊగడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒకసారి గుంజుతుంది, ఒకసారి వదిలేస్తుంది. మిట్ట సగంలో ఆగిపోయింది. వెనక బియ్యం, పైన ఎండ. మధ్యాహ్నానికల్లా చేరతామని మాటిచ్చి ఉన్నామని నాకు టెన్షన్.

మామ నన్ను సెల్ఫ్ కొట్టమని సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు. ఇంజన్ బాగానే తిరుగుతోంది, పొగ మాత్రం చుక్క లేదు. అంటే బ్యాటరీ బాగుంది, డీజిలే లోపలికి అందట్లేదు. ఫిల్టర్ మీదున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే డీజిల్‌కు బదులు నురగ వచ్చింది, సోడా సీసా మూత తీసినట్టు. నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా కొట్టి స్క్రూ బిగించాడు. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మూడు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగింది.

"యాడనో గాలి పీలుస్తుండాది" అన్నాడు మామ. నేను వంగి పైపులన్నీ తడిమి చూశాను. ఎక్కడా తడి లేదు. అక్కడే చాలామంది మోసపోతారట. ఫీడ్ పంప్ దాటాక డీజిల్ ఒత్తిడితో పోతుంది, అక్కడ చిల్లిపడితే బయటికి కారుతుంది. టాంకు నుంచి పంప్ దాకా పీల్చుడే కాబట్టి అక్కడ చిల్లు ఉంటే చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. టాంకు మూత తీసి చెవి పెట్టి విన్నాడు. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోతే తీయగానే బుస్సుమంటుందట. ఏ శబ్దమూ లేదు. క్లిప్పులు బిగించాడు, జాయింట్ల మీద గ్రీజు పూశాడు. కిలోమీటరున్నర పోయి మళ్లీ ఆగింది.

అప్పుడు తీశాడు గోనెసంచిలోంచి ప్లాస్టిక్ పైపు. టాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, ఫీడ్ పంప్‌కు ఈ పైపు తగిలించి, రెండో కొన డీజిల్ క్యానులో ముంచాడు. మిగిలిన డీజిల్‌ను టాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపును ఎలా ఉన్నదో అలాగే వదిలేశాడు. ఎయిర్ తీసి స్టార్ట్ చేశాం. బండి కదలకుండా పావుగంట. ఐడిల్‌లో, రేజ్ చేసి, మళ్లీ ఐడిల్‌లో. ఒక్కసారి కూడా తొణకలేదు. పైపులో ఒక్క బుడగ లేదు. మళ్లీ టాంకు పైపుకు మార్చి, మధ్యలో ఈ ప్లాస్టిక్ పైపు ముక్క కలిపి చూస్తే పూసల దండలా బుడగలు వరుసగా పోతున్నాయి.

మెయిన్ పంప్ బాగుంది. దించాల్సిన పని లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ముందు భైరవకోన దర్శనం కూడా కొంచెం తక్కువే, స్వామి క్షమించాలి.

మామ సిగరెట్ కోసం బండికి దూరంగా పోయి, అక్కడి నుంచే అడిగాడు. "అబ్బాయా, ఎప్పుడూ ఎంత కొట్టిస్తావు డీజిలు?"

"వెయ్యి రూపాయలకి మామా."

"ఫుల్లుగా ఎప్పుడన్నా?"

ఆలోచించాను. రిపేర్‌కు ఇచ్చే ముందు రెండుసార్లు టాంకు నిండా కొట్టించాను, ట్రయల్ చూస్తారని. ఆ వారాలే బండి ఆగని వారాలు. ఆ మాట చెప్పగానే మామ సిగరెట్ పారేసి వచ్చి టాంకులో పుల్ల ముంచాడు. తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ చాకుతో గాటు పెట్టాడు. జానకు రెండు వేళ్లు తక్కువ. నాతో ఏమీ చెప్పలేదు. అటుగా పోతున్న మోటార్‌సైకిల్ అబ్బాయిని బతిమాలి, బంకు నుంచి రెండు క్యాన్ల డీజిల్ తెప్పించి టాంకులో పోయించాడు. ప్లాస్టిక్ పైపులో బుడగలు పలచబడ్డాయి, ఆగాయి. మిట్ట ఎక్కేశాం.

ఉదయగిరిలో టాంకు నిండా కొట్టించాం. బంకు పక్క హోటల్లో అన్నం తిని, చెక్క గరిటెల అంగడికి పోయి అమ్మకు నాలుగు గరిటెలు, ఒక ఫోర్కు కొన్నాను. ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. పైన దుర్గం కనిపిస్తోంది. ఒడిశా గజపతుల చేతిలోంచి ఆ కోటను తీసుకోవడానికి కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేశాడు, 1514లో గాని లొంగలేదు. నాకు రెండు నెలలకే ఓపిక అయిపోయింది.

సీతారామపురం మీదుగా భైరవకోన చేరేసరికి నాలుగయింది. వంటవాళ్లు బియ్యం కోసం దారి చూస్తూ ఉన్నారు, మమ్మల్ని తిట్టడానికి కూడా వాళ్లకు తీరిక లేదు. కొండలోనే తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కన జలపాతం, వానల వల్ల నిండు నీటితో ఉంది. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రకిరణాలు అమ్మవారి మీద పడతాయని అక్కడ నమ్మకం. దాని కోసమే అంత జనం. నాకు జనం తలకాయలే ఎక్కువ కనిపించాయి. మామ అయితే వంట దగ్గరే కూర్చుని గుండిగలు దించుతూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాతి ఆదివారం మామ ఇంటికొచ్చాడు. టాంకు మీది యూనిట్ స్క్రూలు విప్పి, డీజిల్ పీల్చే ఇనుప పైపును బయటికి తీశాం. దాని అడుగున ఉండే జల్లెడ మీద సంగంలో చూసిన ఎర్రటి మడ్డే. పైపు పైకి మాత్రం బాగానే ఉంది. మామ కింది కొనను బొటనవేలితో మూసి, బకెట్ నీళ్లలో ముంచి, పై కొన నుంచి ఊదాడు. పైపు నడుమ నుంచి సన్నటి బుడగల తీగ లేచింది. తుడిచి చూస్తే తుప్పు తిన్నచోట గుండుసూది మొనంత చిల్లు. డీజిల్ దానికంటే పైన ఉన్నంతసేపు పీల్చేది డీజిల్నే. మట్టం కిందికి దిగాక గాలి.

నేను పరుగున పోయి బండిలోంచి కానుగ పుల్ల తెచ్చాను. పైపు పక్కన నిలబెట్టాం. గాటు, చిల్లు వేలెడు దూరంలో ఉన్నాయి.

"టాంకు అడుక్కీ పైపు కొసకీ ఆ వేలెడు సందు ఉంటాదిలే" అని మామ పైపు తీసుకుని చిల్లు పూడ్చే బ్రేజింగ్ షాపుకు బయల్దేరాడు.